మంగాయమ్మ గారి చేను

గోదావరి పుష్కరాలు వెళ్ళిన మరుసటి ఏడాది, అంటే రెండువేల పదహారు, మాఘమాసం. కిటికీలోంచి చూస్తే నది కనిపించే ఒక చిన్న ఊళ్ళో జూనియర్ సివిల్ జడ్జి కోర్టు. ఆ పేరు వచ్చి ఎన్నేళ్ళయినా మా జనం దాన్ని మున్సిఫ్ కోర్టు అనే అంటారు. అక్కడ నేను అమీనాని.

అమీనా అంటే ఇప్పటి పిల్లలకి తెలియకపోవచ్చు. లాయర్లు వాదిస్తారు, జడ్జి గారు తీర్పు రాస్తారు, గుమాస్తాలు దాన్ని ఫైల్లో కుడతారు. ఆ తర్వాత ఆ తీర్పుని చంకలో పెట్టుకుని, మోపెడ్ ఎక్కి ఊళ్ళోకి వెళ్ళి, "ఈ ఇల్లు మీది కాదు, ఖాళీ చెయ్యండి" అనో "ఈ చేను మీది, తీసుకోండి" అనో చెప్పి రావలసినవాడు ఒకడుంటాడు. వాడే అమీనా. తీర్పుని కాగితం మీంచి నేల మీదికి దింపేవాడన్నమాట. నా మోపెడ్ చప్పుడు వినగానే తలుపులు వేసుకున్న వీధులున్నాయి. కుక్కల్ని ఉసిగొల్పినవాళ్ళున్నారు. మర్యాదగా కూర్చోబెట్టి మజ్జిగిచ్చి, నేను తాగేలోగా సామానంతా దొడ్డిదారిన దాటించేసినవాళ్ళూ ఉన్నారు. ముప్పయ్యేళ్ళు ఈ పని చేశాను. కోపిష్టివాడినని పేరు కూడా తెచ్చుకున్నాను. కోపం లేకపోతే ఆ పని చేయలేం లెండి.

నాకొక పిచ్చి ఉంది. అదీ ముందే చెప్పేస్తాను. ప్రతి ఆస్తి దావా చివరా షెడ్యూలు అని ఒక పేజీ ఉంటుంది. ఆస్తి ఎక్కడుందో, దానికి నాలుగు వైపులా ఏమున్నాయో అందులో రాస్తారు. తూర్పు ఫలానా వారి కొబ్బరితోట, దక్షిణం పుంతదారి, పడమర పంట బోదె, ఉత్తరం ఫలానా వారి మెరక. అందరూ తిప్పేసే ఆ పేజీ దగ్గర నేను ఆగిపోయేవాణ్ణి. చదువుతుంటే ఒక రకమైన మత్తు కమ్మేది. ఎన్నడూ చూడని చేలు, ఎప్పుడో పోయిన మనుషుల పేర్లు, ఎండిపోయిన బోదెలు కళ్ళముందు మెల్లగా కదిలేవి. రాత్రి నిద్ర పట్టకపోతే గుర్తున్న హద్దులు లోపల్లోపల చదువుకుంటూ పడుకునేవాణ్ణి. "మీకు జోలపాటలన్నీ రిజిస్ట్రారాఫీసులోనే పుట్టాయండీ" అని మా ఆవిడ ఇప్పటికీ వేళాకోళం చేస్తుంది.

ఆ మాఘంలో నా చేతికొచ్చిన షెడ్యూలు ఇది: చిన్నలంకలో అరవై సెంట్ల మెట్ట. తూర్పు గోదావరి. దక్షిణం వీర్రాజు గారి చెక్క. పడమర పడవరేవుకి పోయే కాలిబాట. ఉత్తరం సత్తియ్య గారి చెక్క. అందులో ఒక ఫిల్టర్ పాయింటు, అంటే నేలలోకి దింపిన ఇనప గొట్టపు బోరు. ఇంత అందమైన షెడ్యూలు నేను చదవలేదు. చిక్కల్లా ఒకటే. చిన్నలంక లేదు.

నది నడుమ ఒండ్రు మేట వేసి లేచే దీవుల్ని మేం లంకలంటాం. గోదావరి ఒక ఒడ్డున పెడుతుంది, ఒక ఒడ్డున కోసుకుపోతుంది. చిన్నలంకని కోసుకుపోయింది. దావా మొదలైనప్పుడు అక్కడ దోసపాదులు, పొగాకు, పాకలు ఉండేవట. పెద్ద వరదలు వచ్చినప్పుడల్లా కొంత చొప్పున జారిపోయి, నేను అప్పగింత వారంటు పట్టుకునే నాటికి నీళ్ళు మాత్రమే మిగిలాయి.

దావా వేసినావిడ మంగాయమ్మ గారు. ఎదుటి పార్టీ సత్తియ్య గారు, ఆవిడకి బావగారు, చనిపోయిన భర్త సూరిబాబుకి స్వయానా అన్న. సూరిబాబు పోయాక ఆవిడ వాటా కింద రావలసిన ఆ నేల చెక్కని ఆయన కలిపేసుకున్నాడు. ఆవిడ కోర్టుకెక్కింది. ఇక్కడ గెలిచింది, పైకోర్టులోనూ గెలిచింది. ఫైలంతా చదివాను. బోనులో నిలబడి సత్తియ్య గారు చెప్పిన సాక్ష్యం నాకిప్పటికీ గుర్తే. "చిన్నలంకలో మా తమ్ముడికి చెక్క లేదు. ఎప్పుడూ లేదు. ఫిల్టర్ పాయింటు అనేది ఆవిడ కల్పన." కింద ఆయన సంతకం, గుండ్రంగా, ముద్దుగా ఉంది.

గెలిచినంత మాత్రాన చేను రాదు. దాన్ని అప్పగించమని మళ్ళీ ఈపీ వేయాలి. ఈపీ అంటే ఎగ్జిక్యూషన్ పిటిషన్, గెలిచిన తీర్పుని అమలు చేయించమని అడగడం. మంగాయమ్మ గారు అప్పటికే రెండు ఈపీలు వేశారు. నాకు ముందున్న అమీనాలు రేవు దాకా వెళ్ళి, నీళ్ళు చూసి, "ఆస్తి గుర్తించడానికి వీలుపడలేదు" అని రాసి వచ్చేశారు. రెండూ మూతపడ్డాయి. తీర్పుకి పన్నెండేళ్ళే ఆయుష్షు. ఆ లోపు అమలు కోరకపోతే అది ఉత్త కాగితమైపోతుంది. ఈ మూడో ఈపీ ఆ పన్నెండేళ్ళలో చివరి నెలలో వేసింది. ఇదీ మూతపడితే నాలుగోది వేసే హక్కు ఆవిడకి లేదు.

నేనూ ముందువాళ్ళలాగే చేసేవాణ్ణేమో. రేవు దాకా వెళ్ళి చూసొచ్చి జడ్జి గారి ఛాంబర్లో నిలబడ్డాను. ఆవిడ ఉద్యోగానికి కొత్త, నా కూతురి కంటే చిన్నది.

"మేడమ్, అక్కడ నేల లేదండి. నీళ్ళున్నాయి."

"మీరు చూశారా?"

"ఒడ్డు మీంచి చూశానండి."

"షెడ్యూల్లో ఒడ్డు గురించి ఉందాండి?"

వయసులో చిన్నవాళ్ళు తప్పు పడితే నాకు ఒళ్ళు మండుతుంది. అందులోనూ వాళ్ళది న్యాయమైతే మరీను.

"మునిగిన నేల ఎప్పుడో మళ్ళీ లేవచ్చు. లేస్తే పాతవాళ్ళదేనని అడగొచ్చు. కానీ ఆ చోటేదో ఇవాళ ఎవరో ఒకరు చూపించాలి కదా" అన్నారావిడ ఫైలు నా వైపు జరుపుతూ. "మీరు ఆ చోటికే వెళ్ళండి. గుర్తించగలిగితే అప్పగించండి. గుర్తించలేకపోతే అదే రాయండి, మూసేస్తాను."

మంగాయమ్మ గారు కొబ్బరిపీచు కళ్ళంలో పనిచేస్తుంటారని చెబితే అక్కడికే వెళ్ళాను. అరవై దాటిన మనిషి. ఒళ్ళంతా పీచు నలుసులు. నన్ను చూసి చేతులు దులుపుకుని ఎండలోకి వచ్చి నిలబడ్డారు.

"అమ్మా, ఒక్క మాట అడుగుతాను, ఏమీ అనుకోకండి. ఆ నీళ్ళని స్వాధీనం చేసుకుని మీరేం చేస్తారు?"

"ఏం చేస్తానండీ, ఏమీ చెయ్యను" అన్నారావిడ. "మీరు డప్పు కొట్టించి చెప్తారంట కదండీ?"

"అవునమ్మా. అప్పగించేటప్పుడు దండోరా వేయించాలి, అందరికీ తెలియాలని. అది పద్ధతి."

"అది చాలండి నాకు."

అర్థం కాక చూస్తుంటే ఆవిడే చెప్పారు. "మా ఆయన పోయిన ఏడు దోసపాదులు కాపుకొచ్చాయండి. బుట్ట పట్టుకుని పడవెక్కాను. పడవ నిండా జనం. మా బావగారు గట్టు మీంచి 'లంకలో నీకేముందని ఎక్కావమ్మా, దిగు' అన్నారండి. ఒక్కళ్ళంటే ఒక్కళ్ళు నోరెత్తలేదు. దిగిపోయాను. పడవెళ్ళిపోయింది. నేనా బుట్ట పట్టుకుని రేవులో ఎంతసేపు నిలబడ్డానో నాకే తెలీదు." చేతికంటిన పీచు లాగేస్తూ అన్నారు. "ఆ పడవలోవాళ్ళు సగం మంది పోయారండి. మిగిలినోళ్ళు ఉండగా ఒక్కసారి వినాలి. నాకూ ఉందని."

ఆ రోజు మోపెడ్ మీద తిరిగొస్తుంటే నాకు సిగ్గేసింది. ఇన్నేళ్ళూ దండోరాని ఒక తంతు అనుకున్నాను. అది కొట్టించి, సంతకాలు పెట్టించి, బస్సు టైముకి పరుగెత్తడమే నాకు తెలుసు.

గుర్తించడం ఎలాగన్నది మాత్రం తేలలేదు. సర్వేయరుని అడిగితే, "కొలవడానికి ఒక రాయైనా ఉండాలి కదండీ. రాళ్ళన్నీ గోదాట్లోనే ఉన్నాయి" అన్నాడు. లంకలో చేలున్న పాతకాపులు ఇద్దరు ముగ్గురే మిగిలారు. వాళ్ళు సత్తియ్య గారింటి వైపు ఓసారి చూసి, "ఎక్కడో ఆ మధ్యలోనేనండి" అంటారు తప్ప వేలు పెట్టి చూపించరు. నేను చూపించలేకపోతే రిపోర్టులో ఏం రాయాలో ముందే తెలిసిపోయింది. ఆ వాక్యం నాకు కంఠతా వచ్చు.

తారీఖు చెప్పడానికి సత్తియ్య గారింటికి వెళ్ళాను. డెబ్బై దాటినా నిటారుగా ఉన్నారు. అరుగు మీద పేపరు చదువుకుంటున్నారు. విషయం విని పకపకా నవ్వారు.

"నీళ్ళ మీద డప్పు కొడతారా? వస్తానండి, తప్పకుండా వస్తాను. ఈ వయసులో ఇలాంటి తమాషా మళ్ళీ చూడొద్దూ?" అంటూనే పేపరు మడిచి పక్కన పెట్టారు. నవ్వు ఆగిపోయింది. "నావీ రెండెకరాలు అందులోనే ఉన్నాయండి. నేనెవరి మీద వెయ్యను దావా, గోదారి మీదా?"

అనుకున్న రోజు పొద్దున్నే రేవుకి చేరాను. మంచు ఎంత దట్టంగా ఉందంటే నది ఎక్కడ మొదలైందో తెలియలేదు. చప్పుళ్ళు మాత్రం దగ్గరగా వినిపిస్తున్నాయి. ఎక్కడో తెడ్డు చప్పుడు, ఎవరో దగ్గు, అవతలి ఒడ్డున లారీ హారను. గట్టు మీద ఏసురత్నం కొబ్బరాకుల మంట వేసి డప్పు కాస్తున్నాడు. మా కోర్టు దండోరాలన్నీ అతనే వేసేవాడు. ఆదివారం చర్చిలో వాయించేదీ అతనే.

"మంచుకి తోలు మెత్తబడిపోద్దండి. బేగా కానిచ్చెయ్యాలి" అన్నాడు, డప్పుని తువ్వాల్లో చుట్టి పసిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకుంటూ.

పడవ నూకరాజుది. ఆ రేవులో వలలు వేసుకు బతికేవాడు. అతను పడవ నడిపే వెదురుగెడ పట్టుకుని నిలబడ్డాడు. మంగాయమ్మ గారు ఉతికిన తెల్లచీర కట్టుకుని వచ్చి ముందుగా ఎక్కి మధ్యలో కూర్చున్నారు. ఎక్కేటప్పుడు ఆవిడ చుట్టూ ఓసారి చూడటం నేను గమనించాను. తర్వాత సత్తియ్య గారు ఎక్కి ఆవిడకి వీపు పెట్టి చివర్న కూర్చున్నారు. నేను వారంటు, జిగురు డబ్బా, ప్లాస్టిక్ కవరు సంచిలో పెట్టుకుని ఏసురత్నం పక్కన కూర్చున్నాను.

పడవ కదిలాక నాకు కలలో ఉన్నట్టే ఉంది. ఒడ్డు కరిగిపోయింది. పైనా తెలుపే, కిందా తెలుపే. ఆ నీళ్ళ కింద ఒకప్పుడు కాలిబాటలు, పొగాకు పాకలు, పాదులు ఉండేవని, మేము వాటి మీదుగా వెళ్తున్నామని తలుచుకుంటే కాళ్ళు పైకి ముడుచుకోవాలనిపించింది. మనసులో షెడ్యూలు చదువుకుంటున్నాను. తూర్పు గోదావరి. దక్షిణం వీర్రాజు గారి చెక్క. పడమర పడవరేవుకి పోయే కాలిబాట. ఇప్పుడు నాలుగు దిక్కులా గోదావరే. రాసినవాడు ఒక దిక్కునే రాశాడు, నది మిగతా మూడూ తనే దిద్దుకుంది.

కొంత దూరం పోయాక మంచు పల్చబడింది. నూకరాజు గెడ ఆపి, "ఇక్కడే ఎక్కడోనండి. మా నాన్న చిన్నలంక ఇదేననేవాడు" అన్నాడు. దగ్గర్లో రెండు వల పడవలున్నాయి. అందులోవాళ్ళు పని ఆపి మా వైపు చూస్తున్నారు.

నేను అటూ ఇటూ చూశాను. మంగాయమ్మ గారిని అడిగాను. ఆవిడ నీళ్ళకేసి చూస్తూ తల అడ్డంగా ఊపారు. "ఇరవయ్యేళ్ళు దాటిందండి అడుగుపెట్టి. నాకు తెలీదండి" అన్నారు. ఆ గొంతులో భయం నాకు వినపడింది. ఇంత దూరం వచ్చి నాకు తెలీదని చెప్పాల్సి రావడం కంటే కష్టం ఏముంటుంది?

ఇక్కడ నేను ఒప్పుకోవలసిన తప్పొకటి ఉంది. గుర్తించకుండా అప్పగించకూడదు. అది నియమం. అయినా ఆవిడ మొహం చూశాక నా చేతులు నా మాట వినలేదు. ఎక్కడైతేనేం, నీళ్ళే కదా అనుకున్నాను. అరవై సెంట్ల గోదావరి ఎటు తిరిగినా ఒకేలా ఉంటుంది. ఒక మాట వినిపించి వెనక్కి వెళ్ళిపోదాం, ఆవిడ కోరిక తీరుతుంది, రిపోర్టు సంగతి తర్వాత చూసుకోవచ్చు. ముప్పయ్యేళ్ళలో చట్టాన్ని నేను దాటబోయింది ఆ ఒక్కసారే, అదీ జాలితో.

"వెయ్యి ఏసురత్నం" అన్నాను.

డప్పు తువ్వాలు విప్పాడు. రెండు దెబ్బలు పడ్డాయి. నీళ్ళ మీద ఆ చప్పుడు చాలా దూరం సాగింది. మూడో దెబ్బ పడబోతుంటే వెనకనుంచి పెద్ద కేక.

"ఆపండి! ఆపండెహే!"

సత్తియ్య గారు లేచి నిలబడ్డారు. పడవ ఊగింది. మొహం కందగడ్డలా ఉంది. అడ్డుపడతాడని నేను ముందే అనుకున్నాను. సంచిలోంచి వారంటు తీశాను.

"ఏంటండీ ఈ పని? కోర్టోళ్ళకి ఈమాత్రం తెలీదా?" అని అరిచారాయన. "ఇది వీర్రాజు చెక్కండి! వీర్రాజు చెక్కలో నిలబడి మా తమ్ముడి చెక్కకి డప్పు కొడతారా?"

ఏసురత్నం చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. నూకరాజు గెడ మీద వాలి నోరు తెరుచుకు చూస్తున్నాడు. మంగాయమ్మ గారు వెనక్కి తిరిగారు. తనేమన్నాడో సత్తియ్య గారికి ఇంకా తెలియలేదు. దావా లేదు, సాక్ష్యం లేదు. ఒక పాతకాపు కళ్ళముందు హద్దు తప్పింది, అంతే.

"మరి మీ తమ్ముడు గారిది ఎక్కడండి?" అన్నాను, వీలైనంత మెల్లగా.

"ఇంకా ఉత్తరానికి. ఇలా ఇవ్వు గెడ" అని నూకరాజు చేతిలోంచి లాక్కున్నారు. "అదిగో, అవతల ఇటుకబట్టీ గొట్టం కనపడతందా? దాని వెనకాల మా ఊరి వాటర్ ట్యాంకు రావాలి. రెండూ ఒక వరసలోకొస్తే మా తమ్ముడి పాక గుమ్మం. మేమిద్దరం అక్కడ నిలబడే అన్నం తినేవాళ్ళం."

తనే గెడ వేస్తూ పడవని తీసుకెళ్ళారు. మంచులోంచి ముందు ఇటుకబట్టీ గొట్టం వచ్చింది, తర్వాత ట్యాంకు మెల్లగా జరుగుతూ వచ్చి దాని వెనక నిలబడింది. సత్తియ్య గారు గెడని నీళ్ళలో నాలుగైదు చోట్ల గుచ్చారు. మెత్తగా దిగింది. ఇంకో చోట గుచ్చారు. అడుగునుంచి ఠంగుమని వినిపించింది.

మళ్ళీ పొడిచారు. మళ్ళీ అదే చప్పుడు, ఇనుము మీద వెదురు తగిలినట్టు.

"ఫిల్టర్ పాయింటు" అన్నారు మంగాయమ్మ గారు. అంతవరకూ ఆవిడ గొంతు అంత స్పష్టంగా నేను వినలేదు.

సత్తియ్య గారు గెడ పట్టుకుని అలాగే నిలబడిపోయారు. అప్పుడు తెలిసింది ఆయనకి, తనేం చెప్పేశాడో. ఆ మొహంలోకి చూడలేక నేను వారంటు చదువుతున్నట్టు నటించాను. ఆయన నా వైపు కాకుండా నీళ్ళ వైపు చూస్తూ అన్నారు.

"ఉందండి. వాడే వేయించాడు. పైపులు నేనూ మోశాను."

బోనులో ప్రమాణం చేయించి, ఇద్దరు లాయర్లు అటూ ఇటూ నిలబడి పీడించినా రాని మాట అది. తప్పు చోట రెండు డప్పు దెబ్బలు పడితే వచ్చింది. నేను నియమం తప్పబోయాను, ఆయన ఒప్పుకోలేదు. ఆ పొద్దున ఆ పడవలో చట్టాన్ని కాపాడింది నేను కాదు, ఇరవయ్యేళ్ళు దాన్ని మోసం చేసిన మనిషి.

నూకరాజు దగ్గరున్న కొత్త వెదురుగెడని సత్తియ్య గారే ఆ గొట్టం పక్కన నీళ్ళలో దించి, రెండు చేతులతో వేలాడి పాతారు. వారంటు నకలుని అందరికీ కనపడే చోట అంటించాలని మా పద్ధతి. కాగితాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి ఆ గెడకి తాడుతో కట్టాను. ఏసురత్నం డప్పు మీద వేళ్ళతో తట్టి చూసి, "కొంచెం మెత్తబడింది గానీ పలుకుద్దండి" అన్నాడు. నేను పడవలో లేచి నిలబడ్డాను.

"ఇందుమూలంగా సమస్త ప్రజలకూ తెలియజేయడం ఏమనగా" అని మొదలెట్టాను. వందలసార్లు చెప్పిన మాటలే. ఎప్పుడూ గబగబా మింగేసేవాణ్ణి. ఆ రోజు ఒక్కొక్క మాటా విడివిడిగా చెప్పాను. తూర్పు, దక్షిణం, పడమర, ఉత్తరం, నాలుగు హద్దులూ చదివాను. ఈ హద్దుల మధ్యనున్న అరవై సెంట్ల భూమి కోర్టువారి ఉత్తర్వు ప్రకారం మంగాయమ్మ గారికి స్వాధీనం చేయడమైనది అన్నాను. డప్పు మోగింది. వల పడవల్లోవాళ్ళు లేచి నిలబడ్డారు. వాళ్ళలో ఒకతను తలపాగా తీశాడు. ఎందుకు తీశాడో అతనికీ తెలియదేమో.

పొలం అప్పగించేటప్పుడు మట్టిబెడ్డ ఒకటి తీసి వాళ్ళ చేతిలో పెట్టడం నాకు అలవాటు. ఏ రూల్లోనూ లేదు, మా గురువు గారు నేర్పింది. ఆ రోజు మట్టి లేదు. ఏం చేయాలా అని చూస్తుంటే సత్తియ్య గారు తన చేతిలోని పాత గెడని నీళ్ళలోంచి పైకి లాగి, కొన నా వైపు చాపారు. కొనకి నల్లటి ఒండ్రు అంటుకుని ఉంది. నేరుగా మరదలి చేతిలో పెట్టడానికి ఆయనకి మొహం చెల్లలేదు. నేను దాన్ని వేళ్ళతో తీసి ఆవిడ దోసిట్లో పెట్టాను. ఆవిడ దాన్ని వాసన చూసి కొంగున ముడేసుకున్నారు. నాకు ఏడుపొచ్చింది. మంచు కదా, ఎవరూ చూడలేదు.

తిరిగి రేవుకి వచ్చేసరికి ఎండ పడింది. సత్తియ్య గారు ముందు దిగి, పడవ కదలకుండా అంచు పట్టుకుని నిలబడ్డారు.

"దిగమ్మా, నెమ్మదిగా" అన్నారు.

నాలుగు రోజుల తర్వాత జడ్జి గారు నా రిపోర్టు చదివారు. ఆస్తిని స్వయంగా ఎదుటి పార్టీయే గుర్తించి చూపించినట్టు రాశాను. మొదట తప్పు చోట డప్పు వేయించిన సంగతి కూడా దాచకుండా రాశాను. ఆవిడ ఆ వాక్యం దగ్గర ఆగి కళ్ళజోడు తీశారు.

"ఇది రాయకపోయినా ఎవరికీ తెలిసేది కాదు కదండీ."

"ఆయన నిజం చెప్పాక నేను దాస్తే బాగుండదండి" అన్నాను. ఆవిడ నవ్వి సంతకం పెట్టారు.

నేను రిటైరై నిడదవోలులో స్థిరపడ్డాను. రైళ్ళ చప్పుడుకి అలవాటు పడ్డాను. నదికి దూరమైపోయాను. పోయిన వేసవిలో మా వియ్యాలవారింట్లో అన్నప్రాశన ఉంటే మళ్ళీ ఆ ఊరు వెళ్ళాను. పొద్దున్నే కాళ్ళు వాటంతటవే రేవుకి తీసుకెళ్ళాయి. గట్టు మీద ఒకమ్మాయి బేసిన్లో శీలావతి చేపలు పెట్టుకుని అమ్ముతోంది.

"ఎక్కడివమ్మా ఇవి?"

"మంగాయమ్మ గారి చేలోవండి."

"చేలో చేపలేంటమ్మా?" అన్నాను తెలియనట్టు.

"అదేనండీ, అదిగో ఆ గెడ కనపడతంది చూడండి. అక్కడ నీళ్ళని అలాగే అంటారండి. వరదకి గెడ కొట్టుకుపోతే మళ్ళీ పాతుతారు. ముందు ఆవిడ బావగారు పాతేవోరంట. ఆయన పోయాక మా మావయ్య పాతుతున్నాడండి."

ఎండకి చెయ్యి అడ్డం పెట్టుకుని చూశాను. సన్నగా, నిలువుగా, నీళ్ళ మధ్య ఒక గీత. చాలాసేపు చూశాను. తర్వాత బేసిన్ పక్కన తడిగుడ్డ కింద విడిగా పెట్టిన చేపని చూపించి, అది ఇమ్మన్నాను.

"అది అమ్మనండి. మంగాయమ్మ గారికండి. ఆవిడ చేలో వల వేసినప్పుడు ఒకటి ఇస్తామండి."

"ఇవ్వమని కోర్టు చెప్పిందా?"

ఆ అమ్మాయి నన్నొక పిచ్చివాణ్ణి చూసినట్టు చూసింది. "కోర్టెందుకు చెప్తదండీ? చేను ఆవిడిది కదా."

చట్టం ప్రకారం ఆ నీళ్ళు సర్కారువి. అందులో ఈదే చేప మీద మంగాయమ్మ గారికి ఏ హక్కూ లేదు. ఎవరికి ఏది లేదో చెప్పడమే ముప్పయ్యేళ్ళు నా ఉద్యోగం. ఆ పొద్దున మాత్రం చెప్పబుద్ధి కాలేదు. నేనిచ్చిన వారంటు కాగితం ఏనాడో చివికిపోయి ఉంటుంది. డప్పు కొట్టిన ఏసురత్నం లేడు, తీర్పు రాసిన ఫైలు ఏ గోడౌన్లో చెదలు పట్టిందో తెలియదు. దావా పేరైనా తెలియని ఈ పిల్ల మాత్రం ఒక చేప పక్కన పెట్టింది. చట్టం కోర్టులో ఉంటుందనుకుని బతికాను. అది అక్కడ పుడుతుంది, అంతే. నలుగురు విని, నలుగురు ఒప్పుకుని, అడగకుండానే నడుచుకున్న రోజున అది బతుకుతుంది. ఈ మాట నాకు నేర్పింది ఆ అరవై సెంట్ల నీళ్ళు.

"ఆ చేప నాకివ్వమ్మా, నేనిచ్చి వస్తాను" అన్నాను.

"మీరెవరండి?"

"అమీనాని."

"అంటే ఏంటండీ?"

"ఆవిడకి ఇదివరకు కూడా ఒకటి తెచ్చిచ్చాను లే" అన్నాను. ఏమనుకుందో ఏమో, తాటాకు మడిచి అందులో చుట్టి ఇచ్చింది. వారంటు లేకుండా, డప్పు లేకుండా, చేతిలో చేపతో ఆ వీధిలోకి నడిచాను. ఇన్నేళ్ళలో మొదటిసారి ఒక్క తలుపూ మూసుకోలేదు. పీచుకళ్ళం పక్కన ఆ చిన్న ఇంటి ముందు నిలబడి పిలిచాను. లోపలినుంచి ముసలి గొంతు వినిపించింది.

"ఎవరండీ?"

"మీ చేలోది తెచ్చానమ్మా" అన్నాను.